గోధుమ తగలని ఆపిల్ కేకు

1986 అక్టోబరు 5, ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం విశాఖపట్నం పాత ఊళ్ళో బీబీజాన్ రొట్టెల బట్టీ నుంచి ఎనిమిది చిన్న ఆపిల్ కేకులు బయటికి వచ్చాయి. వాటిలో మైదా లేదు, గోధుమపిండి లేదు, బొంబాయిరవ్వ లేదు. మైదా తప్ప మరో పిండి ఎరగని ఆ బట్టీలో అటువంటివి కాల్చడం అదే మొదటిసారి. అవి అమ్మకానికి చేసినవి కావు. మల్కాపురంలో ఉండే పైడితల్లి అనే ఏడేళ్ళ పిల్ల కోసం చేసినవి.

బీబీజాన్‌కు అప్పటికి యాభై నాలుగో యాభై ఆరో ఉంటాయి. పుట్టిన సంవత్సరం ఆమెకే కచ్చితంగా తెలియదు. ఆమె భర్త గులాం మొహమ్మద్ హార్బరులో ఆగే ఓడల మీద వంటవాళ్ళకు సాయం చేస్తూ రొట్టె పని నేర్చుకున్నాడు. తర్వాత ఒక పాత గోడౌను వెనక కాస్త జాగా సంపాదించి, సొంత చేతులతో ఇటుకల బట్టీ కట్టుకున్నాడు. 1974లో ఆయన గుండెపోటుతో పోయినప్పుడు, ఆడమనిషి బట్టీ ఏం నడుపుతుందని సందులో అందరూ అనుకున్నారు. ఆమె నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు సరుగుడు కట్టెలు తెప్పించి బట్టీ అంటించింది. అప్పటికి బడికి వెళ్ళే కొడుకు లతీఫ్ ఇప్పుడు పాతికేళ్ళవాడై పిండి పిసకడం, ముద్దలు చుట్టడం చూసుకుంటున్నాడు. బట్టీ వేడి సంగతి మాత్రం ఆమె ఎవరికీ వదిలిపెట్టలేదు.

పాత ఊళ్ళో ఆమె రొట్టెకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉండేది. అక్కడి ఇళ్ళలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రొట్టె తినరు. అన్నం తింటారు. ఒంట్లో వెచ్చబడితే అన్నం మాన్పించి, పాలలో ముంచిన రొట్టె పెడతారు. అది తేలిగ్గా అరుగుతుందని వాళ్ళ నమ్మకం. అందువల్ల ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో ఆ వీధి కాంపౌండరు కంటే ముందు బీబీజాన్‌కు తెలిసేది. రొట్టె కోసం వచ్చినవాళ్ళను ఆమె "ఎవరికి?" అని అడిగేది. ముసలివాళ్ళకని చెబితే అంచులు కోసి ఇచ్చేది. పసిపిల్లలకని చెబితే బాగా కాలినది ఏరి ఇచ్చేది. తన రొట్టెతో ఎంతమంది లేచి కూర్చున్నారో చెప్పడం ఆమెకు ఇష్టమైన కబురు.

గౌరీశ్వరి ఆ విధంగానే ఆమెకు పరిచయమైంది. గౌరీశ్వరి భర్త శ్రీరామ్మూర్తి పోర్టులో క్రేను మీద పనిచేస్తాడు. శృంగవరపుకోట వైపు పల్లె నుంచి వచ్చి మల్కాపురంలో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఒక్కతే కూతురు పైడితల్లి. నాలుగేళ్ళు దాటినప్పటి నుంచి ఆ పిల్లకు పొట్ట ఉబ్బడం, విరేచనాలు, నీరసం మొదలయ్యాయి. చేతులూ కాళ్ళూ పుల్లల్లా అయ్యాయి. ఒంట్లో బాగోనప్పుడల్లా తల్లి అన్నం మానిపించి రొట్టె పెట్టింది. బజార్లో రొట్టె మంచిది కాదని ఎవరో చెబితే, బస్సెక్కి పాత ఊరికి వచ్చి బీబీజాన్ దగ్గర కొనడం మొదలుపెట్టింది. పిల్లకు ఎక్కువైతే రొట్టె ఎక్కువ పెట్టేది. కాస్త తేరుకోగానే అన్నం పెట్టేది. అన్నం తిన్న రోజుల్లో పిల్ల మరింత తేరుకునేది, ఆ మంచి పేరు అంతకు ముందు పెట్టిన రొట్టెకు వచ్చేది. ఇలా రెండేళ్ళు గడిచాయి. గోధుమ రోజూ తినే ప్రాంతంలో ఈ పొరపాటు మరో రకంగా జరిగి ఉండేదేమో గాని, ఇంత ప్రేమగా జరిగి ఉండేది కాదు.

1986 ఎండాకాలంలో పెద్దాసుపత్రి పిల్లల డాక్టరమ్మ అసలు సంగతి కనిపెట్టింది. గోధుమలో ఉండే జిగురు ఆ పిల్ల పేగుకు పడదు. కొంచెం పడకపోవడం కాదు, రవ్వంత కూడా పడదు. రొట్టె, బిస్కెట్టు, ఉప్మా, సేమ్యా, పూరీ అన్నీ బంద్. అన్నం, రాగులతో కాచే చోడి అంబలి, పప్పు, గుడ్డు, చేప ఎంతైనా తినవచ్చు.

ఈ మాట చెప్పడానికి గౌరీశ్వరి ప్రత్యేకంగా బట్టీ దగ్గరికి వచ్చింది. రావడం మానేస్తే బీబీజాన్ పిన్ని ఏమనుకుంటుందో అని వచ్చానని, తర్వాత ఈ సంగతులన్నీ అడిగి రాసుకున్న నాతో చెప్పింది. బీబీజాన్ అంతా విని, "అయితే నాను రెండేళ్ళు ఆ గుంటకి ఇసం పెట్టినానేటి?" అంది.

"నువ్వెందుకు పెడతావు పిన్నీ? పెట్టింది నాను. నువ్వమ్మినావు, నాను పెట్టినాను."

"అంచులు కోసి మరీ ఇచ్చినాను కదే," అంది బీబీజాన్. ఆ రోజు ఆమె అన్నం తినలేదని లతీఫ్ చెప్పాడు.

మూడు నెలల్లో పైడితల్లి గుర్తుపట్టలేనంతగా మారింది. బుగ్గలు వచ్చాయి, మాటలు వచ్చాయి. ఆసుపత్రికి వెళ్ళి వచ్చేటప్పుడు బస్సు మారవలసిన చోటు బట్టీకి దగ్గరే. కాబట్టి తల్లీకూతుళ్ళు బీబీజాన్‌ను పలకరించి పోయేవారు. దసరా సెలవులకు కాస్త ముందు ఒక రోజు ఆ పిల్ల అద్దాల బీరువాకు ముక్కు ఆనించి నిలబడింది.

"మామ్మా, ఇయ్యన్నీ గోదుమేనేటి?"

"అన్నీ గోదుమే తల్లీ."

"ఆ ఎర్రదీ?"

"దాని నెత్తి మీద సెర్రీ పండు ఒక్కటీ కాదు."

"పోనీ ఆ సెర్రీ ఒక్కటీ ఇయ్యి."

"దాని కింద కేకుంది కదే. అంటుకుని ఉంటాది."

పైడితల్లి బీరువా ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "ఇంత కొట్టెట్టుకున్నావు, నాకేటీ నేదేటి మామ్మా?"

"ఓలి, నోర్ముయ్యి," అంది గౌరీశ్వరి. బీబీజాన్ మాత్రం ఆ మాటను నవ్వులాటగా తీసుకోలేదు. ఆ పిల్ల అడిగినది న్యాయమైన ప్రశ్న అని ఆమెకు అనిపించింది.

అది ఉత్తరాది నుంచి ఆపిల్ పెట్టెలు దిగే కాలం. రోగిని చూడడానికి వెళ్ళేవాళ్ళు రొట్టెతో పాటు తీసుకువెళ్ళే పండు కూడా అదే. ఇది ఆ పిల్లకు పడుతుంది. బీబీజాన్ మార్కెట్లో దెబ్బ తగిలిన కాయలు తెచ్చి ప్రయత్నాలు మొదలుపెట్టింది. ఒక్క బియ్యప్పిండితో చేసిన కేకు చేత్తో పట్టుకోగానే ఇసుకలా రాలిపోయింది. చోడిపిండి కలిపితే రంగూ రుచీ వచ్చాయి గాని, పచ్చి ఆపిల్ ముక్కలు నీళ్ళూరి మధ్యలో పిండి ముద్దగా మిగిలింది.

"అమ్మీ, దీంతో గోడ కట్టొచ్చు," అన్నాడు లతీఫ్.

"నీ పెళ్ళికి కడతాన్లే, తిను."

చివరికి ఆపిల్‌ను ముందుగా ఉడికించి మెదిపి, ఆ గుజ్జులోనే రెండు పిండ్లూ గుడ్లూ కలిపితే కేకు నిలబడింది. మైదాలో ఉండే పట్టును ఆపిల్ గుజ్జూ గుడ్డూ కలిసి ఇచ్చాయి. తీపికి బెల్లం, పొంగడానికి మజ్జిగా తినేసోడా వేసింది.

గౌరీశ్వరి మాత్రం ఒప్పుకోలేదు. "ఒద్దు పిన్నీ. ఇప్పుడే మనిషైంది."

"మైదా గాలి కూడా తగలనియ్యను. నీ కళ్ళ ముందే సేత్తాను. నమ్మకం నేకపోతే పెట్టకు."

ఆమె తీసుకున్న జాగ్రత్తలు వరసగా అడిగి తెలుసుకున్నాను. పిండిమరలో గోధుమలు కూడా ఆడతారు కనుక బియ్యం, చోళ్ళు ఇంట్లో తిరగలి మీద స్వయంగా విసురుకుంది. కొత్త జల్లెడ, కొత్త గిన్నె, కొత్త రేకు కప్పులు కొంది. బట్టీ నేలను తడి గోనెతో లతీఫ్ చేత తుడిపించింది. ఆదివారం పొద్దుటి రొట్టెలు అయిపోయాక, వేడి తగ్గకుండా మళ్ళీ కట్టెలు వేసి, స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని కేకులు పెట్టింది. గౌరీశ్వరి పీట వేసుకుని అన్నీ చూస్తూనే ఉంది. పైడితల్లి ఎన్ని తిన్నది అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. బీబీజాన్ ఒకటి అంటుంది, తల్లి రెండు అంటుంది, పిల్ల మూడు అంటుంది. తిన్నంతసేపూ ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదన్న దగ్గర మాత్రం ముగ్గురి మాటా ఒకటే.

మంగళవారం గౌరీశ్వరి ఒంటరిగా వచ్చింది. గుమ్మం దాటలేదు.

"పిన్నీ, అందులో ఏటి కలిపినావో సెప్పు."

బీబీజాన్‌కు సంగతి అర్థమైంది. "నువ్వు సూసినవే కదే. బియ్యప్పిండి, సోడిపిండి..."

"మరి గుంట నిన్నంతా కడుపట్టుకుని దొల్లీసింది. మళ్ళీ పాతరోగమే. అదే పొట్ట, అదే ఏడుపు."

"ఆపిల్ పడనేదేమో అక్కా," అన్నాడు లతీఫ్.

"నువ్వూరుకో తమ్ముడూ. ఆపిల్ ఎన్నిసార్లు తిననేదు? గుడ్డు తిననేదా? బెల్లం తిననేదా?" గౌరీశ్వరి గొంతు పెరిగింది. "రెండేళ్ళు తెలీక నీ రొట్టె తినిపించినాను పిన్నీ. ఇప్పుడు తెలిసీ నీ సేతిదే తినిపించినాను. నా అంత బుద్ది తక్కువది ఈ ఊళ్ళో ఉంటాదేటి? నీకు దండం పెడతాను, ఇంక దానికేటీ సెయ్యకు."

ఆమె వెళ్ళిపోయాక లతీఫ్, "వదిలీ అమ్మీ. మన పని మైదా పని. మనకొద్దు ఈ గొడవ," అన్నాడు. బీబీజాన్‌ను బాధించింది నింద కాదు. తన చేతి నుంచి ఏదో వెళ్ళింది, అదేమిటో తనకు తెలియడం లేదు. అది తెలిసేదాకా ఆ పిల్ల ముఖం చూడలేననుకుంది.

బుధవారం పొద్దున లతీఫ్ బట్టీలో నిప్పులు పక్కకు లాగాడు. ఆమె ఎప్పటిలాగే గోనెసంచిలో చేయి పెట్టి, పిడికెడు మైదా తీసి, బట్టీ నేల మీదికి విసిరింది. వేడి చూసే పద్ధతి అది. ఓడల వంటవాళ్ళ నుంచి గులాం మొహమ్మద్‌కు, అతని నుంచి ఆమెకు వచ్చింది. విసిరిన మైదా తెల్లగా ఉండిపోతే ఇంకా కట్టె కావాలి. నల్లబడితే ఆగాలి. పాలు పోసిన టీ రంగు తిరిగితే రొట్టె పెట్టవచ్చు. పన్నెండేళ్ళుగా ఆ పిడికెడు విసరకుండా ఆమె బట్టీలో ఏదీ పెట్టలేదు. అది పనిలో భాగమని కూడా ఆమెకు తోచదు. తలుపు తీసేముందు గొళ్ళెం మీద చెయ్యి వేసినట్టు, చెయ్యి దానంతట అదే చేస్తుంది.

ఆ రోజు విసిరిన ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. నిప్పుల వెలుగులో పిండి పొగలా లేచి, బట్టీ కప్పు దాకా వెళ్ళి, మెల్లగా అన్ని వైపులా దిగుతోంది.

"ఒరే లతీఫూ, ఆదివారం నాను పిండి ఇసిరినానా?"

"ఇసరకుండా ఎప్పుడైనా పెట్టినావేటి అమ్మీ?"

గౌరీశ్వరి కూడా అది చూసింది. కాని ఆమె దృష్టి గిన్నె మీదే ఉంది. బట్టీలోకి విసిరినది పొయ్యికి సంబంధించినదనుకుంది తప్ప కేకుకు సంబంధించినదనుకోలేదు. బీబీజాన్ తల వంచి బట్టీ లోపలికి పరీక్షగా చూసింది. కప్పుకు, ఇటుకల సందుల్లో, మూలల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మైదా. ఈసారి విసరకపోయినా అది అక్కడే ఉంటుంది. కడుగుదామంటే వేడి ఇటుక పగులుతుంది. తన బట్టీ ఆ పిల్లకు ఎప్పటికీ పనికిరాదని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

ఆమె ఆ పూటే మల్కాపురం బస్సెక్కింది. గౌరీశ్వరి వాకిట్లో చేపలు తోముతోంది. లేవలేదు, కూర్చోమనలేదు. బీబీజాన్ నిలబడే ఉండి పిండి సంగతి చెప్పింది.

గౌరీశ్వరి చేతులు ఆగాయి. "అంటే కేకుది తప్పు కాదా?"

"కేకుది కాదు. నా సేతిది."

"నాను సూత్తానే ఉన్నాను కదా పిన్నీ. నా కళ్ళెదురుగానే ఇసిరినావు కదా."

"నాకే తెలీనేదు, నీకేటి తెలుత్తాది?"

లోపలి నుంచి పైడితల్లి తొంగిచూసింది. ముఖం వాడిపోయి ఉంది గాని లేచి తిరుగుతోంది. "మామ్మా, మళ్ళీ సేత్తావేటి?"

"మీ యమ్మ ఒప్పుకుంటే ఇక్కడే సేత్తాను. మీ పొయ్యి మీదే."

గౌరీశ్వరి చేపల నీళ్ళు కాలవలో పారబోసి వచ్చింది. "దీన్ని బాగా కోలుకోనీ. ఆదివారం రా," అంది. "నీ ఇంట్నించి ఏటీ తేకు. సెంచా కూడా తేకు."

తర్వాతి వారం, అక్టోబరు 12 ఆదివారం, బీబీజాన్ ఖాళీ చేతులతో మల్కాపురం వెళ్ళింది. ఒకరి ఇంటికి చేతిలో పొట్లం లేకుండా వెళ్ళడం ఆమెకు ఎంతో ఇబ్బందిగా ఉండిందట. గౌరీశ్వరి గుమ్మం దగ్గరే ఆపేసింది. బీబీజాన్ చీర కొంగు పట్టుకుని ఒక్కసారి దులిపింది. ఎండలో సన్నని తెల్లటి దుమ్ము లేచింది.

"సూసినావా? ఉతికినా పోనేదు. ఈ సీరతో లోపలికి రాకు."

"మరి ఎలగ రమ్మంటావే?"

గౌరీశ్వరి దొడ్లో బకెట్టుతో నీళ్ళు పెట్టి, తన చిలకపచ్చ చీర, జాకెట్టు దండెం మీద వేసింది. జాకెట్టు పట్టలేదు. దాని బదులు శ్రీరామ్మూర్తి చొక్కా ఇచ్చింది. మగవాడి చొక్కా మీద చిలకపచ్చ చీర కట్టుకుని బీబీజాన్ బయటికి వచ్చేసరికి పక్కింటి చిట్టెమ్మ గోడ మీద నుంచి చూసింది.

"ఏటి గౌరీ, మీ అత్తొచ్చిందేటి ఊర్నించి?"

"అత్త కాదు, మా పిన్ని."

"మీ పిన్నికి మీ ఆయన సొక్కా బాగా అమిరింది."

"నీకూ ఒకటి కావాలేటి సిట్టెమ్మా?" అంది బీబీజాన్, కొంగు సర్దుకుంటూ.

పొయ్యి మీద పెద్ద డేగిశా, అందులో శ్రీరామ్మూర్తి బీచి నుంచి తెచ్చి ఉప్పు పోయేలా కడిగి ఆరబెట్టిన ఇసుక. రేకు కప్పులకు బదులు నెయ్యి రాసిన స్టీలు గ్లాసులు. పిండ్లు గౌరీశ్వరే విసిరింది. కలపడం బీబీజాన్ చేసింది. అంతా సిద్ధమయ్యాక ఒక చిక్కు వచ్చింది. ఇసుక కాగిందో లేదో ఎలా తెలుస్తుంది? బీబీజాన్ చేయి రెండుసార్లు పక్కకు వెళ్ళింది. అక్కడ సంచి లేదు. ఇన్నేళ్ళ పనిలో వేడి తెలియకుండా నిలబడటం ఆమెకు అదే మొదలు.

"దీనికింత ఆలోచనేటి?" అంటూ గౌరీశ్వరి మూలనున్న వడ్ల బస్తాలోంచి నాలుగు గింజలు తీసి ఇసుకలో వేసింది. కాసేపటికి ఒకటి తర్వాత ఒకటి టప్పుటప్పుమని పేలి తెల్లగా విచ్చుకున్నాయి. ఊళ్ళో ఇసుకలో పేలాలు వేయించేవాళ్ళు వేడి చూసుకునే తీరు అదే. "ఇంక పెట్టు."

"ఓలమ్మ," అంది బీబీజాన్. ఒక పేలం తీసి నోట్లో వేసుకుని, గ్లాసులు పెట్టి, మూత మీద నిప్పులు వేసింది.

కేకులు గ్లాసుల ఆకారంలోనే వచ్చాయి. ఒక వైపు బాగా ఎర్రబడ్డాయి, రెండో వైపు పాలిపోయాయి. బట్టీలో అయితే అటువంటివి బీరువాలో పెట్టనిచ్చేది కాదని ఆమె ఒప్పుకుంది. పైడితల్లి ఎర్రబడ్డ వైపు ముందు తిన్నది. మిగిలినవి తల్లి ఉట్టి మీద పెట్టింది. బీబీజాన్ సాయంత్రం తన చీర కట్టుకుని ఇంటికి వెళ్ళింది గాని, సోమవారం ఆమె ధ్యాసంతా మల్కాపురం మీదే. ఆ రోజు రెండు రేకుల బన్నులు మాడిపోయాయి.

సాయంత్రం డ్యూటీ దిగి శ్రీరామ్మూర్తి బట్టీ దగ్గరికి వచ్చాడు. లోపల పిండి ఉంటుందని రోడ్డు అవతలే నిలబడి కేకేశాడు.

"లతీఫు బావా! పిన్ని ఉందేటి?"

బీబీజాన్ చేతులు తుడుచుకోకుండానే బయటికి వచ్చింది.

"గుంట బాగుంది పిన్నీ. ఉట్టి మీదవి పొద్దున్నే పీటెక్కి దింపీసి తినీసింది. ఇప్పుడు సిట్టెమ్మగారి పిల్లల్తో వీది మీద గెంతుతంది. కడుపూ నేదు, ఏటీ నేదు." అతను వెళ్ళబోయి, మళ్ళీ ఆగాడు. "వచ్చే ఆదివారం రమ్మంది మా ఆవిడ. ఆ పచ్చ సీర ఉతికి, నీకోసమని వేరేగా పెట్టీసింది. జాకెట్టు కూడా కుట్టిత్తాదంట, నీ కొలత ఇమ్మంది. అప్పుడు నా సొక్కా నాకిచ్చీత్తాదంట."